యవల పానకం

బార్లీ అనగానే మనలో చాలామందికి జ్వరమే జ్ఞాపకం వస్తుంది. లంకణం చేసిన మనిషికి ఆ తెల్లని గింజలు ఉడికించి, నీటిని వడగట్టి, ఇంత ఉప్పో పంచదారో వేసి ఇవ్వడం మన ఇళ్ళలో అలవాటు. ఆ గింజకు మరొక బ్రతుకు ఉన్నదనీ, పడమటి దేశాలలో దాని పేరు చెబితే రోగి మంచం కాక నురుగు పొంగే పాత్ర కనుపిస్తుందనీ మనం ఎప్పుడోగాని తలచుకోము. ఆ నురుగు పానీయమే బీరు. నేటి ప్రసంగం బీరును గురించే. అయితే త్రాగడాన్ని గురించి కాదు. గింజ మొదలుకొని ఆ పానీయం వరకు పోయే దారిని గురించి. గత డిసెంబరులో నేనూ నా మిత్రుడొకాయనా మాసబ్ ట్యాంక్‌లోని వారి ఇంట్లో ఆ దారిని ముప్పాతిక భాగం నడిచినాము. మిగిలిన పాతిక ఎందుకు నడవలేదో కూడా చెబుతాను.

మాసబ్ ట్యాంక్ అన్న పేరు విని క్రొత్తవారు చెరువు ఎక్కడ అని అడుగుతారు. గోలకొండ రాణివాసపు మా సాహెబా పేర వెలసిన చెరువు అది. మా సాహెబా మాసబ్ అయింది, తలాబు ట్యాంకు అయింది. నీరు పోయి, ఆ చోట చాచా నెహ్రూ పార్కు వచ్చింది. పిల్లలు ఆడుకొంటున్నారు. పేరు మాత్రం తడిగానే ఉన్నది.

మా మిత్రుడు ఇంజనీరు. పన్నెండేళ్ళు ఇంగ్లండులో ఉండి తిరిగి వచ్చినాడు. ఆ దేశంలో 1963 వరకు ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు కావలసి ఉండేది. ఆ ఏడు అక్కడి ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ తన బడ్జెటులో ఆ లైసెన్సును తీసివేసినాడు. అప్పటి నుండి అది అక్కడి గృహస్థులకు తోటపని వంటి వినోదమైంది. అమెరికాలో ఈ సడలింపు 1978లో చేసిన చట్టంతో వచ్చింది. మా మిత్రుడు అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇరుగుపొరుగు వారితో కలసి బీరు కాచినవాడే. కాని ఆ కాచడమంతా డబ్బాతో. పాకం వలె చిక్కబెట్టిన బార్లీ సారం డబ్బాలలో అమ్ముతారు. దానిని వేడినీటిలో కలిపి, ఈస్టు చల్లి, మూతపెట్టి ఊరుకోవడమే. మన ఇళ్ళలో పొట్లం చించి గులాబ్‌జామూన్ చేసినట్లు. తినడానికి బాగానే ఉంటుంది. అయితే పాలు మరిగించి కోవా తీసిన చేతికి తెలిసే సంగతులు పొట్లం చించిన చేతికి తెలియవు గదా! గింజతో మొదలుపెట్టి ఒక్కసారి అయినా చేయాలన్న కోరిక ఆయనకు అక్కడ తీరలేదు. ఇక్కడికి వచ్చిన తరువాత అది మరీ బలపడింది.

కోరిక చెప్పినప్పుడు నేను మొదట అన్న మాట చట్టం సంగతి. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజు చట్టం అమలులో ఉన్నది. లైసెన్సు లేనిదే బీరు తయారుచేయరాదు. అమ్మకానికి కాదు, మా ఇంటి మట్టుకే అన్నంత మాత్రాన అది చెల్లదు. 2015లో తెలంగాణలో చిన్న బ్రూవరీలకు నియమావళి ఏర్పడి, తరువాత నగరంలో అక్కడికక్కడే బీరు కాచి వడ్డించే చోట్లు వెలసినాయి. అది వ్యాపారస్థుల సంగతి. గృహస్థుని వంటింటికి అటువంటి వెసులుబాటు లేదు.

మా మిత్రుడు చాలాసేపు మాటాడలేదు. తరువాత, “సరే, చట్టం ఏ మెట్టు మీద నిలబడి ఉన్నదో చూడు. గింజను మొలకెత్తించడం తప్పు కాదు. ఎండబెట్టి విసరడం తప్పు కాదు. వేడినీటిలో నానబెట్టి తీపి దింపడం తప్పు కాదు. ఈస్టు చేరి, ఆ తీపి మత్తుగా మారిన దగ్గరే గదా పేచీ! ఆ మెట్టు వరకు పోదాం. నాకు తెలియనిది కూడా ఆ మెట్టుకు ఇవతలిదే,” అన్నాడు.

న్యాయంగానే తోచింది. ఎందుచేతనంటే, బీరు అనగానే లోకం మత్తును తలచుకొంటుందిగాని, బీరు కాచేవాని పనితనమంతా మత్తుకు ముందు జరిగేదే. ద్రాక్షరసం పిండి కుండలో పోస్తే తనంతట తానే పులుస్తుంది. తాటికల్లు చెట్టు మీద కుండలోనే పులియనారంభిస్తుంది. వాటిలో చక్కెర ముందే ఉన్నది. ధాన్యంలో ఉన్నది పిండి. పిండిని ఈస్టు తినలేదు. పిండిని చక్కెరగా మార్చే ఉపాయం మనిషి కనిపెట్టవలసి వచ్చింది. కనిపెట్టడమంటే, ఆ ఉపాయం గింజలోనే దాగి ఉన్నదని గ్రహించడమన్న మాట.

ఈ గ్రహింపు చాలా పాతది. సుమేరు దేశంలో నిన్‌కాసి అనే దేవత ఉండేది. ఆమె బీరుకు అధిదేవత. ఆమెను స్తుతిస్తూ సుమారు 3,800 ఏళ్ళ క్రిందట మట్టిపలకల మీద చెక్కిన గీతం దొరికింది. అందులో గింజను నానబెట్టడం మొదలుకొని పని వరుస అంతా ఉన్నది. మన శ్రౌతకర్మలలోనూ సౌత్రామణి అనే యాగం ఉన్నది. అందులో సుర అవసరం. ఆ సురకు మొలకెత్తిన వడ్లు, మొలకెత్తిన యవలు కావాలని శ్రౌతసూత్రాలు విధించినాయి. యవలంటే బార్లీయే. మొలక లేనిదే ధాన్యం తీపి కాదన్న సంగతి ఆ యజమానులకూ తెలుసునన్న మాట.

కిరాణా అంగడిలో అమ్మే తెల్ల బార్లీ ఈ పనికి రాదు. పొట్టు తీసి మెరుగు పట్టిన గింజ అది. ఆ మెరుగులో అంకురం దెబ్బతింటుంది. వారం నానబెట్టినా మొలవదు, కుళ్ళుతుంది. పొట్టుతో ఉన్న యవలే కావాలి. నవరాత్రులలో మట్టిమూకుళ్ళలో యవలు చల్లి మొలకలు పెంచే ఉత్తరాదివారు మన నగరంలో తరతరాలుగా ఉన్నారు. హోమాలకూ యవలు కావాలి. కాబట్టి బేగంబజారులో పూజాసామగ్రి అమ్మే అంగడిలో ఐదు కిలోలు దొరికినాయి. ఇంతెందుకని అంగడివాడు అడిగితే, మా మిత్రుడు “యజ్ఞం” అని ఊరుకొన్నాడు.

నానబెట్టడం రెండు రోజుల పని. ఎనిమిది గంటలకొకసారి నీరు వంపి, గింజలను కొంతసేపు గాలికి విడిచి, మళ్ళీ క్రొత్తనీరు పోయాలి. గింజ బరువులో సగానికి కొంచెం తక్కువగా నీరు చేరితే చాలు. మా మిత్రుడు పుస్తకాలు ముందు పెట్టుకొని గంటలు లెక్కపెడుతున్నాడు. వారి తల్లిగారు ఎనభై ఏళ్ళావిడ, పాలమూరు పల్లెలో పుట్టి పెరిగినవారు. రెండుపూటలు చూచి ఊరుకొని మూడవపూట, “గింజకు గాలి తాకాలె బిడ్డా. నీళ్ళల్ల ముంచి ఇడిసిపెడ్తె మురిగిపోతయి. గా పుస్తకం గట్లనే చెప్తున్నదా?” అని అడిగినారు. పుస్తకం అట్లాగే చెబుతున్నది. రాగులను గుడ్డలో మూటగట్టి, బరువు పెట్టి, పూటపూటకూ నీరు చల్లి మొలకెత్తించి, ఎండబెట్టి విసరి పసిపిల్లలకు జావకాచి పోసిన చేయి అది. ఆ తరువాత నాలుగు రోజులు మొలక బాధ్యత ఆమెదే అయింది. తడిగుడ్డ మీద రెండు అంగుళాల మందాన గింజలు పరచి, ఉదయమూ సాయంత్రమూ చేతితో తిరగవేసినారు. అట్లా తిరగవేయకపోతే వేళ్ళు ఒకదానికొకటి పెనవేసుకొని చాప అల్లినట్లు అవుతుంది. మధ్యనున్న గింజలు వేడెక్కి చెడతాయి. డిసెంబరు చలి మాకు కలసివచ్చింది. మే నెలలో హైదరాబాదులో ఈ పని తలపెట్టకూడదు.

బార్లీ మొలకలో ఒక చమత్కారమున్నది. వేరు బయటికి కనిపిస్తుందిగాని, మొలక మాత్రం పొట్టు క్రిందనే ప్రాకుతుంది. గింజను గోటితో నిలువున చీల్చి చూస్తేగాని ఎంత పెరిగిందో తెలియదు. గింజ పొడవులో ముప్పావు వంతు వచ్చినప్పుడు ఆపివేయాలి. ఈలోగా లోపల ఏమి జరిగిందనుకొన్నారు? మొలకకు ఆహారం కావాలి. తల్లి తన బిడ్డకు కట్టి పంపిన చలిదిమూట వంటిది గింజలోని పిండి. మూట విప్పడానికి కొన్ని పదార్థాలను గింజ తయారుచేసుకొంటుంది. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు రసాయనికులు మొలకెత్తిన బార్లీ నుండి అటువంటి పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజు అని పేరు పెట్టినారు. ఎంజైములన్న పెద్ద కుటుంబంలో మనిషికి మొదట పరిచయమైనవాటిలో ఒకటి ఈ బీరు గింజ నుండే వచ్చింది. మూట విప్పే పనిముట్లు సిద్ధమై, మూటలోని చలిది మాత్రం ఇంకా తరగకముందే మొలకను ఆపడం – అదే మాల్టు చేయడమంటే. బీరు కాచేవాడు మొలక నోటికాడి ముద్దను లాగుకొంటున్నాడన్న మాట. కొంచెం కఠినంగానే ఉన్నది, కాని మనం తినే ప్రతి గింజ సంగతీ అంతే.

రెండు రోజులు మేడమీద ఎండ. తరువాత విద్యుత్తు ఓవెనులో ముందు తక్కువ వేడిలోను, చివర 80 డిగ్రీల దగ్గరను కొన్ని గంటలు. తడి ఉండగానే వేడి హెచ్చిస్తే గింజలోని పనిముట్లు కాలిపోతాయి. ఎండిన తరువాత వేళ్ళను చేతులతో నలిపి, చేటతో చెరిగితే బంగారువన్నె గింజ మిగిలింది. బిస్కత్తు వాసన. ఐదు కిలోలకు నాలుగు కిలోలు తేలినాయి.

విసరడం దగ్గర ఒక పేచీ వచ్చింది. మిక్సీలో వేస్తే మెత్తని పిండి అవుతుంది. పొట్టు కూడా పిండి అయితే తరువాత వడగట్టలేము. పొట్టు చెక్కుచెదరకుండా లోపలి గింజ మాత్రం రవ్వ కావాలి. విదేశాలలో రెండు ఉక్కు రోలర్ల నడుమ నలుపుతారు. ఇక్కడ అటకమీద నుండి ఇసుర్రాయి దిగింది. పైరాయి కొంచెం ఎత్తులో ఉండేటట్లు కీలకు గుడ్డపీలిక చుట్టి విసరినాము. మా మిత్రుడు ఇంగ్లండులో ఆ రోలర్ల కోసం ఎంత వెల అడిగినారో చెప్పి, రాయి వంక చూచి నవ్వినాడు.

ఇక అసలు ఘట్టం. పన్నెండు లీటర్ల నీటిని 73 డిగ్రీలకు కాచి, గింజరవ్వ పోసి కలిపితే 66 దగ్గర నిలిచింది. ఈ 66కు చాలా కథ ఉన్నది. గింజలోని పనిముట్లు ప్రధానంగా రెండు. పిండి అంటే చక్కెర పూసలు గుచ్చిన పొడవాటి దండ. బీటా అమైలేజు ఆ దండను చివర నుండి రెండేసి పూసల చొప్పున త్రుంచుతుంది. ఆల్ఫా అమైలేజు నడుమ ఎక్కడ పడితే అక్కడ కత్తిరిస్తుంది. మొదటిది 60, 65 డిగ్రీల దగ్గర చురుకు. 70కి పోతే త్వరలోనే చచ్చిపోతుంది. రెండవది 70కి కూడా ఓర్చుకొంటుంది. తక్కువ వేడిలో పెడితే ఈస్టు పూర్తిగా తినగల చక్కెర ఎక్కువై పానీయం పలుచన అవుతుంది. ఎక్కువ వేడిలో పెడితే ఈస్టుకు లొంగని పెద్ద ముక్కలు మిగిలి నోటికి నిండుగా ఉంటుంది. రెండూ కలసి పనిచేసే ఇరుకుసందు 65, 67ల నడుమ ఉన్నది. రెండు మూడు డిగ్రీలలో పానీయం స్వభావమే మారిపోతుంది. ఉష్ణమాపకం లేని కాలంలో ఇంగ్లండువారు మరిగిన నీటి మీద ఆవిరి తగ్గి, తమ ముఖం ప్రతిబింబం కనిపించేవరకు ఆగి గింజ పోసేవారట. మైకేల్ కోంబ్రూన్ అనే లండను బ్రూవరు 1762లో ప్రచురించిన గ్రంథంలో ఉష్ణమాపకంతో ఈ పని చేయడాన్ని శాస్త్రంగా చెప్పినాడు. మా దగ్గర ఉష్ణమాపకం ఉన్నది. అయినా తల్లిగారు వ్రేలు ముంచి తీసి, “పాలు తోడుకునే ఏడి కన్న చాన ఎక్కువున్నది,” అని తమ లెక్క తాము చెప్పినారు.

డేగిశాకు మూతబిగించి, పైన బొంత చుట్టి పెట్టినాము. బిర్యానీకి దమ్ము పెట్టినట్లే. పది నిమిషాలకు మూత తీస్తే నాకు ఆశ్చర్యం వేసింది. పోసినప్పుడు చిక్కని జావ వలె గరిటెకు అంటుకొన్నది, అప్పుడే పలుచబడి నీరు విడిచింది. నోట వేసుకొంటే మొదట చప్పిడి, రెండవసారి ఒక ఛాయ తీపి. మా మిత్రుడు తెల్లని సాసరు మీద ఒక చుక్క గంజి వేసి, పక్కనే గాయాలకు పూసే టింక్చర్ అయొడిన్ ఒక చుక్క కలిపినాడు. సిరా వలె నల్లబడింది. పిండి ఇంకా ఉన్నదని దాని అర్థం. ఇరవై నిమిషాలకు మరొక చుక్క: వంకాయరంగు. నలభై నిమిషాలకు ఎరుపు కలసిన గోధుమవన్నె. గంట నిండిన తరువాత వేసిన చుక్క సీసాలో ఉన్న రంగులోనే, ఏమీ మారకుండా, సాసరు మీద నిలిచిపోయింది. పిండి లేదు. నాలుగు కిలోల గింజలోని పిండి, ఎవ్వరమూ ఏమీ కలపకుండా, బొంత చాటున చక్కెర అయిపోయింది. మా మిత్రుడు నలభైఆరేళ్ళ మనిషి, ఎన్నో యంత్రాలు బిగించినవాడు. ఆ సాసరును దీపం దగ్గరకు తీసుకొనిపోయి అట్లాగే చూస్తూ నిలబడినాడు. డబ్బా చించిన పన్నెండేళ్ళలో ఆయనకు దొరకనిది అదే.

వడగట్టడానికి గుడ్డ అక్కరలేదు. అడుగున తూము ఉన్న పాత్రలోకి మార్చితే పొట్టంతా క్రిందికి దిగి తానే జల్లెడ అవుతుంది. పొట్టును కాపాడుకొన్నది ఇందుకే. మొదట మడ్డిగా వచ్చిన నీటిని మళ్ళీ పైన పోస్తే, కొంతసేపటికి తేనెరంగు నీరు తేటగా దిగింది. మరి ఎనిమిది లీటర్ల వేడినీరు పైన చల్లి మిగిలిన తీపిని కూడా దింపినాము. పదహారు లీటర్లు అయింది. గంటసేపు మరిగిస్తే పదమూడుకు దిగింది. పాలు కొలిచే లాక్టోమీటరు వంటి సాధనం ఒకటి ఆయన దగ్గర ఉన్నది. అది 1,040 చూపింది. నీటి కంటె నూటికి నాలుగు పాళ్ళు బరువన్న మాట. ఇంటిలో చేసిన మాల్టుకు మంచి ఫలితమే అన్నాడు.

ఈ తీపినీటిని ఇంగ్లీషువారు వర్ట్ అంటారు. ఇది మనకు అంత క్రొత్తదేమీ కాదు. మొలక బార్లీ, గోధుమపిండి కలిపి ఇట్లాగే తీపి దింపి, పాలు చేర్చి ఎండబెడితే అదే హార్లిక్స్. 1883లో అమెరికాలో పేటెంటు పొందిన ఆ పొడి మన ధవళేశ్వరంలోని కర్మాగారంలో కూడా తయారయింది. సగం తెలుగునాట పిల్లలు పరీక్షలనాడు త్రాగినది బీరు పినతల్లి బిడ్డనే సుమండీ.

మొలక పిండి చిక్కని జావను పలుచన చేసే గుణమున్నది చూచినారా, అది వినోదం మాత్రమే కాదు. పసిబిడ్డకు జావ చిక్కగా ఉంటే మ్రింగలేదు; నీరు పోసి పలుచన చేస్తే బలం ఉండదు. చిక్కని జావలో చిటికెడు మొలకపిండి వేస్తే, బలం తగ్గకుండానే పలుచబడుతుంది. 1980ల దశకంలో మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధనాలయంవారూ, బరోడా విశ్వవిద్యాలయంవారూ ఈ విషయం మీద చాలా పనిచేసినారు. పాలమూరు తల్లులు రాగిమొలక ఎందుకు కట్టేవారో అయొడిన్ చుక్క కూడా చెప్పింది.

ఇక్కడ జొన్న సంగతి ఒక మాట చెప్పాలి. యవలు మన పంట కాదు, మన జొన్నతోనే ఇది చేయరాదా అని నేను అడిగినాను. చేయవచ్చునుగాని రెండు చిక్కులున్నాయి. జొన్నపిండి విచ్చుకోవడానికి 70 డిగ్రీలు దాటిన వేడి కావాలి. అప్పటికి దాని బీటా అమైలేజు మరణిస్తుంది. కాబట్టి పిండిని వేరుగా ఉడికించి, చల్లార్చి, తరువాత మొలక కలపాలి. కొరాపుట్, బస్తరు ప్రాంతాల ఆదివాసులు లందా అనే పానీయానికి బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, ఆ తరువాత మొలకధాన్యపు పిండి చేర్చేది ఇందుకే. ఉష్ణమాపకం చూడకుండా కుదుర్చుకొన్న పద్ధతి! రెండవ చిక్కు, జొన్న మొలకలో విషముండడం. నాము మేసిన పశువు ఎందుకు పడిపోతుందో రైతులకు తెలుసును. అందుచేత జొన్న మొలకను, వేరును పూర్తిగా నలిపి చెరిగివేయకుండా ఎవ్వరూ వాడరాదు.

మరుగుతున్న వర్ట్‌లో సగభాగానికి మా మిత్రుడు హాప్స్ పువ్వులు వేసినాడు. తీగకు కాచే ఆకుపచ్చని పువ్వులవి. మన దేశంలో హిమాచల్‌లోని లాహుల్ లోయలో పండుతాయి. గంటసేపు మరిగితేగాని వాటి చేదు నీటికి దిగదు. ఇల్లంతా పచ్చిగడ్డీ నారింజతొక్కా కలసిన వాసన వచ్చింది. పక్కింటి పిల్లలు ఏమిటని చూడవచ్చినారు.

అంతా చల్లారేసరికి రాత్రి తొమ్మిదయింది. బల్లమీద పాత్ర. పక్కన, ఎప్పుడు తెప్పించినాడో తెలియదు, ఈస్టు పొట్లం. చించితే పని పూర్తి అవుతుంది. “ఒక్క సీసా మట్టుకు. అమ్మేది లేదు, ఎవరికీ పోసేది లేదు. నురుగు లేస్తుందో లేదో చూడాలి. పన్నెండేళ్ళ నుండి చూడాలనుకొంటున్నాను,” అన్నాడు.

నేను వెంటనే ఏమీ అనలేకపోయినాను. ఆయన అడిగినది మత్తు కాదని నాకు తెలుసును. 1876లో పాశ్చరు బీరు మీద గ్రంథమే వ్రాసినాడు. 1883లో డెన్మార్కులో హాన్సెన్ ఒక్క ఈస్టు కణం నుండి శుద్ధమైన వంశాన్ని పెంచి చూపినాడు. శాస్త్రం ఎంత గౌరవంగా ఈ నురుగు వంక చూచిందో ఆయన వంటివారికి తెలుసును. కాని మన నేలమీద ఈ మాట ఒట్టి శాస్త్రం మాట కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవారు సారా మీద తిరగబడినారు. 1993లో సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, రెండేళ్ళకు సడలింది. ఆ ఆడవారు కోరినదీ, మా మిత్రుడు కోరినదీ ఒక త్రాసులో తూగేవి కావు. అయినా చట్టం వ్రాసేవారు ఇంటింటికీ వచ్చి ఎవరు ఇంజనీరో, ఎవరు త్రాగుబోతో విచారించలేరు గదా! మనసుకు నచ్చిన చట్టాన్ని పాటించడం పెద్ద పని కాదు. “ఈ మెట్టు దగ్గర ఆగుదామనే గదా మొదలుపెట్టినది,” అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు సంతోషమేమీ కలగలేదు.

తల్లిగారు ఈలోగా గ్లాసుతో ముంచుకొని రుచి చూచినారు. “రాగిజావ తీరుగనే ఉన్నది. ఇంత కమ్మగున్నదాన్ని పులవెట్టుడెందుకు బిడ్డా?” అన్నారు. హాప్స్ వేసినది కూడా ఇస్తే, నేలవేము కషాయమని తీర్పు చెప్పి, అదీ పూర్తిగా త్రాగినారు. మా మిత్రుడు పొట్లాన్ని అల్మారాలో పెట్టి తలుపు వేసినాడు.

ఆగడం కూడా సులభం కాదని అప్పుడు తెలిసింది. ఈస్టు మనం వేయకపోతే రాదని కాదు. గాలిలో ఉన్నది, చేతుల మీద ఉన్నది, గింజపొట్టు మీద ఉన్నది. గోదావరి జిల్లాలలో మా ఇళ్ళలో తరవాణి కుండ ఉండేది. అన్నపు గంజినీరు ఎవరూ ఏమీ వేయకుండానే పులిసేది. ఆ కుండను పులియనిచ్చేవి సూక్ష్మజీవులే. తియ్యని వర్ట్‌ను హైదరాబాదు గాలిలో ఒక రోజు మూతలేకుండా ఉంచితే, చట్టానికీ మనకూ చెప్పకుండానే అది తన పని మొదలుపెడుతుంది. కాబట్టి ఆ రాత్రి మళ్ళీ మరిగించి, సీసాలు కడిగి, వేడిగా ఉండగానే నింపి, చల్లార్చి రిఫ్రిజిరేటరులో పెట్టినాము. మూడు రోజులలో ఇరుగుపొరుగుకు పంచివేసినాము. పిల్లలకు తియ్యనిది నచ్చింది. చేదుది పెద్దలలో ఇద్దరికి నచ్చింది. మిగిలిన నాలుగు లీటర్లను సన్నని సెగమీద పాకం దాకా ఇగిర్చితే చిన్న జాడీ నిండింది. ఇంగ్లండులో డబ్బాలో కొన్నది ఇదేనని మా మిత్రుడు వ్రేలితో నాకి చూచి చెప్పినాడు.

తీపి పోయిన గింజపిప్పి ఆరు కిలోల దాకా ఉన్నది. బ్రూవరీలవారు దానిని పాడి పశువులకు అమ్ముతారు. మేమూ వీధి చివర బర్రెలవారికి ఇచ్చినాము. రెండు గుప్పిళ్ళు మాత్రం అట్టేపెట్టి, మరునాడు మా మిత్రుని ఇల్లాలు గోధుమపిండిలో కలిపి రొట్టె చేసినారు. పిండి పొంగడానికి అల్మారాలోని ఈస్టు పొట్లమే వాడినారు. బీరు ఈస్టు రొట్టెపిండిని నిదానంగా పొంగిస్తుంది. ఉదయం కలిపినది సాయంత్రానికి లేచింది. మా మిత్రుడు గిన్నె పైన తడిగుడ్డ ఎత్తి, బుడగలను గంట గంటకూ చూచినాడు.

సంక్రాంతి తరువాత రాగులతో మొదలుపెడదామంటున్నాడు. రాగిపిండి విచ్చుకోవడానికి ఎంత వేడి కావాలో పుస్తకాలలో వెదకుతున్నాడు. మొలక సంగతి పుస్తకం అక్కరలేదనీ, గుడ్డ మాత్రం ఈసారి పాత నూలుచీరె కావాలనీ తల్లిగారు ఇప్పుడే చెప్పి ఉంచినారు.